రీలు మార్చే వేళ

సావనీర్ కమిటీ వాళ్ళు నన్ను బడి చరిత్ర రాయమన్నారు. బిల్డింగు ఎప్పుడు కట్టారో, ఏ హెడ్‌మాస్టర్ ఎన్నేళ్ళు ఉన్నారో రాయడానికి నాకన్నా సీనియర్లు, నాకన్నా జ్ఞాపకశక్తి ఉన్నవాళ్ళు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. అందుకని ఒక వస్తువు చరిత్ర రాస్తాను. మన బడి స్టోర్‌రూమ్‌లో, విరిగిన బెంచీల వెనకాల, గోనెపట్టా కప్పి ఉన్న 16 ఎం.ఎం. ప్రొజెక్టర్ అది. కొత్త బ్లాకు కోసం ఆ గది కూల్చేస్తున్నారు కాబట్టి ఇప్పుడు రాయకపోతే ఇక ఎవరూ రాయరు.

1983లో నేను ఎనిమిదో తరగతి. మా బ్యాచ్ వాళ్ళకు అప్పటి షేక్‌పేట గుర్తుండే ఉంటుంది. ఇటు కుతుబ్‌షాహీల కాలం నాటి పాత సరాయి, పక్కనే పాత బొంబాయి రోడ్డు. అటు కొండెక్కితే బండలు, సీతాఫలం చెట్లు, వాటి మధ్యలో అక్కడక్కడా లేస్తున్న సినిమావాళ్ళ ఇళ్ళు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలయ్యాక మద్రాసు నుంచి పరిశ్రమ మెల్లగా ఇటు కదిలింది. దానితోపాటే మా నాన్న కూడా. ఆయన లైట్‌మ్యాన్. తెనాలి దగ్గర పుట్టి, మద్రాసులో పనిచేసి, హైదరాబాదుకు వచ్చినవాడు. ఇంట్లో మేం మాట్లాడేది గుంటూరు తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ, బడిలో తెలంగాణ తెలుగు. ఇంగ్లీషు మాత్రం సిస్టర్ల ముందు నిలబడినప్పుడే.

ఆ ఏడాది ఈస్టరుకు ముందు తపస్సు కాలంలో ఒక సాయంత్రం సికింద్రాబాద్ నుంచి ఒక ఫాదర్ గారు ప్రొజెక్టరూ రీళ్ళూ తీసుకుని వచ్చారు. హాల్లో తెల్ల దుప్పటి కట్టారు. సినిమా "కరుణామయుడు". పిల్లలే కాదు, తల్లిదండ్రులు కూడా రావచ్చన్నారు. మా నాన్న షూటింగు లేని రోజు కావడంతో వచ్చి వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సినిమా పనివాళ్ళు సినిమా కూర్చుని చూడలేరని అప్పుడే అర్థమైంది నాకు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. 16 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 40 బొమ్మలు ఉంటాయి. సెకనుకు 24 చొప్పున పోతే నిమిషానికి 36 అడుగులు. 1,600 అడుగుల పెద్ద రీలు వేసినా 44 నిమిషాలకు అయిపోతుంది. థియేటర్లో అయితే రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కనే ఉండేవి, ఒకదాని రీలు అయిపోయే లోపు రెండోది అందుకునేది, మనకు తెలిసేది కాదు. బడి హాల్లో ఉన్నది ఒకటే మిషను. కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా తెర మీద తెల్లటి వెలుగు, చివరి ముక్క టపటపా కొట్టుకునే చప్పుడు, లైట్లు వెయ్యడం, పాత రీలు విప్పి కొత్తది ఎక్కించడం. అయిదు నుంచి పది నిమిషాలు పడుతుంది. ఆ అయిదు పది నిమిషాల గురించే ఈ వ్యాసమంతా.

ఫాదర్ గారు ఆ ఖాళీ సమయంలో ప్రసంగం చెయ్యలేదు. "ఏం చూశారు?" అని అడిగారు, అంతే. మొదటి విరామంలో ఎవరూ నోరు విప్పలేదు. రెండో విరామంలో మా క్లాసు వాడు ఒకడు లేచాడు. వాళ్ళ నాన్న సెట్లు వేసే కార్పెంటరు. కాథలిక్కులు. వాడు అడిగింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ఫాదర్, మొదాల గాడిద మీద వస్తుంటే జై కొట్టిన్రు గదా. గిప్పుడు సిలువ వెయ్యమని అరుస్తున్రు. ఆ మొదటి జనమంత ఏడికి పోయిన్రు?"

ఫాదర్ గారు జవాబు చెప్పలేదు. "ఎవరైనా చెప్పండి" అని హాలంతా చూశారు. అప్పుడు గోడ దగ్గర నుంచి మా నాన్న గొంతు వినిపించింది. "ఎక్కడికీ పోలేదు బాబూ. అదే జనం. పొద్దున ఒక డ్రెస్సు, మధ్యాహ్నం ఒక డ్రెస్సు. జూనియర్ ఆర్టిస్టులకి బేటా ఒకటే."

హాలంతా నవ్వింది. ఫాదర్ గారు నవ్వలేదు. కాసేపు అలాగే ఉండి, "ఈ మాట నేను ఆదివారం గుడిలో చెప్పుకోవచ్చా అండీ?" అని నాన్నను అడిగారు. నాన్న సిగ్గుపడి బయటికి వెళ్ళి బీడీ వెలిగించాడు. ఆయన ఆ సినిమాకు పనిచెయ్యలేదు. పురాణాలకూ జానపదాలకూ లైట్లు మోసిన అనుభవంతో చెప్పాడు.

మా ఇంకో క్లాస్‌మేట్ సంగతి కూడా చెప్పాలి. వాళ్ళ దాదీ నబీల బొమ్మ తెర మీద చూడొద్దని చెప్పి పంపిందట. అందుకని వాడు తెరకు వీపు పెట్టి ప్రొజెక్టర్ పక్కన కూర్చుని, రీలు మార్చేటప్పుడు టార్చి పట్టాడు. రెండు గంటలూ మిషనే చూశాడు. మూడో విరామంలో, "మా దగ్గర ఈసా నబీ అంటాం ఫాదర్. ఆయన్ని సిలువ మీద చంపలేకపోయారని, అల్లా పైకి తీసుకున్నాడని చెప్తారు" అన్నాడు. ఫాదర్ గారు వాణ్ణి ముందుకు పిలిచి, అందరికీ వినపడేలా మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాక, "మేం నమ్మేది వేరు. కానీ ఇతను తన ఇంట్లో విన్నది సరిగ్గా చెప్పాడు" అని ఊరుకున్నారు. వాదన జరగలేదు. నాలుగో రీలు మొదలైంది.

అప్పుడు నాకు ఇదంతా మామూలుగానే అనిపించింది. తర్వాత చదివిన కొద్దీ తెలిసింది, ఆ సాయంత్రం వెనకాల చాలా చరిత్ర ఉందని.

మన దేశంలో సినిమా పుట్టుకే క్రీస్తు సినిమాతో ముడిపడి ఉంది. 1910లో దాదాసాహెబ్ ఫాల్కే బొంబాయి గిర్గాంలో అమెరికా ఇండియా పిక్చర్ ప్యాలెస్ అనే చోట క్రీస్తు జీవితం మీద తీసిన మూకీ చిత్రం చూశాడు. తెర మీద క్రీస్తు కదులుతుంటే తన కళ్ళకు కృష్ణుడూ, రాముడూ కనిపించారని ఆయనే తర్వాత రాసుకున్నాడు. మళ్ళీ వెళ్ళి భార్యతో కలిసి చూశాడు. 1913లో "రాజా హరిశ్చంద్ర" వచ్చింది. 1917లో "లంకాదహన్" ఆడినప్పుడు రాముడు తెర మీదికి రాగానే జనం సాష్టాంగపడేవారట. దేవుణ్ణి తెర మీద చూస్తే దండం పెట్టడం మనకు ఎన్.టి.ఆర్. కాలంలో కొత్తగా వచ్చిన అలవాటు కాదు.

కాథలిక్ సభకు మాత్రం సినిమా అంటే మొదట్లో భయమే. 1934లో అమెరికాలో కాథలిక్కులు చెడ్డ సినిమాలు చూడబోమని గుళ్ళలో ప్రమాణాలు చేశారు. 1936 జూన్ 29న పదకొండో పయస్ పోపు "విజిలాంతి కూర" అని సినిమా మీద ఏకంగా ఒక విశ్వలేఖ రాశారు. సినిమాకు ఎంత బలం ఉందో గుర్తించిన లేఖే అది, కానీ దాని ధోరణి కాపలావాడి ధోరణి. ఏది చూడొచ్చో ఏది చూడకూడదో పట్టికలు వెయ్యాలని చెప్పింది. అంతకుముందు 1927లో సెసిల్ బి. డిమిల్ "కింగ్ ఆఫ్ కింగ్స్" తీసినప్పుడు సలహాలిచ్చిన డేనియల్ లార్డ్ అనే జెసూట్ గురువే 1930లో హాలీవుడ్ నియమావళి రాయడంలో చెయ్యి వేశాడు. ఏం చూపించాలో చెప్పినవాడే ఏం చూపించకూడదో కూడా రాశాడన్న మాట.

మలుపు వచ్చింది రెండో ప్రపంచయుద్ధం తర్వాత. ఇటలీలో ఫెలిక్స్ మోర్లియోన్ అనే బెల్జియం దేశపు డొమినికన్ గురువు "సినీఫోరం" అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. పద్ధతి చాలా సులువు. ముందు నాలుగు మాటల్లో పరిచయం, తర్వాత సినిమా, ఆ తర్వాత చూసినవాళ్ళందరూ కూర్చుని మాట్లాడుకోవడం. సినిమాను నిషేధించే బదులు చూసేవాడికి చూడటం నేర్పాలన్నది ఆలోచన. ఫ్రాన్సిస్ పునీతుడి మీద రోసెలినీ 1950లో తీసిన సినిమాకు ఈయన సాయం కూడా ఉంది. 1957లో పన్నెండో పయస్ పోపు రాసిన "మిరాండా ప్రోర్సుస్" లేఖకు వచ్చేసరికి ధోరణి బాగా మారింది. చూసేవాళ్ళకు శిక్షణ కావాలని అది గట్టిగా చెప్పింది. పట్టిక నుంచి చర్చకు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. మన బడికి ప్రొజెక్టర్ మోసుకొచ్చిన ఫాదర్ గారు ఆ చర్చా సంప్రదాయం నుంచి వచ్చినవారు. ఆయన ఎప్పుడూ ఆ మాట అనలేదు, నేను ఇప్పుడు చదివి అనుకుంటున్నాను.

మన దేశంలో ఈ సంప్రదాయానికి పెద్ద దిక్కు గాస్టన్ రోబెర్జ్. కెనడా నుంచి 1961లో కలకత్తాకు వచ్చిన జెసూట్ గురువు. వస్తూ దారిలో న్యూయార్క్‌లో సత్యజిత్ రాయ్ అపు చిత్రాలు మూడూ చూసి, తాను వెళ్ళబోయే దేశాన్ని ముందు అక్కడే కలుసుకున్నానని చెప్పుకునేవాడు. 1970లో రాయ్ అండతో చిత్రబాణి అనే సంస్థ పెట్టాడు. సినిమాను పాఠంగా చెప్పాడు, పుస్తకాలు రాశాడు. 2020 ఆగస్టులో కలకత్తాలోనే పోయాడు. దశాబ్దాల పాటు ఒకే ఊళ్ళో ఉండి సినిమా గురించి మాట్లాడిన గురువు ఇంకొకరు మన దేశంలో కనబడరు.

తెలుగువాళ్ళకు సికింద్రాబాద్ ఎస్.పి. రోడ్డులోని అమృతవాణి ఉంది. తెలుగు మేత్రాణుల ప్రసార కేంద్రం. దాని క్యాసెట్లు వినని కాథలిక్ ఇల్లు మన చిన్నప్పుడు లేదు. మనీలా నుంచి రేడియో వెరితాస్‌లో వచ్చే తెలుగు కార్యక్రమాలు కూడా అక్కడే తయారయ్యేవి.

ఇక "కరుణామయుడు". ఈ సినిమా 1978 డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు విడుదలైంది. దీని పుట్టుక చూస్తే మనవాళ్ళు మతం సంగతి ఎంత తేలిగ్గా తీసుకునేవారో తెలుస్తుంది. క్రీస్తుగా వేసి, నిర్మాణ భారం కూడా మోసిన విజయచందర్ టంగుటూరి ప్రకాశం పంతులు గారి మనవడు. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్. ఎడిటర్‌గా మొదలై, శివాజీ గణేశన్‌తో వరసగా తమిళ కుటుంబ చిత్రాలు తీసినవాడు. 1961లో ఆయన తీసిన "పావమన్నిప్పు"లో హిందువుల ఇంట పుట్టినవాడు ముస్లిం ఇంట పెరుగుతాడు, హీరోయిన్ క్రైస్తవుల ఇంట పెరుగుతుంది. మాటలు మోదుకూరి జాన్సన్. స్క్రీన్‌ప్లే ఫాదర్ క్రిస్టఫర్ కొయెల్హో, ఫ్రాన్సిస్కన్ సభ గురువు. అంటే ఒక సన్యాసి రాసిన దృశ్యాలను ఒక కుటుంబ చిత్రాల దర్శకుడు తీస్తే, ఆంధ్రకేసరి మనవడు నటించాడు. డబ్బు అందక షూటింగు మధ్యమధ్యలో ఆగిపోతూ వచ్చింది. 1978 జనవరిలో భీమ్‌సింగ్ పోయారు. సినిమా విడుదల ఆయన చూడలేదు.

నాకు ఆ సినిమాలో నచ్చేదీ నచ్చనిదీ ఒకటే: క్రీస్తు నిదానం. విజయచందర్ మెల్లగా నడుస్తాడు, మెల్లగా తల తిప్పుతాడు, ఎదురుగా చూస్తాడు. కెమెరా ఆయన ముఖం దగ్గర ఆగి, గర్భగుడిలో హారతి ఇచ్చినప్పుడు మనం ఆగినట్టు ఆగుతుంది. ఇది పాశ్చాత్య క్రీస్తు సినిమాల్లో కనబడని సంగతి. దీన్ని దర్శనం అనడమే న్యాయం. అందుకే హిందూ ఇళ్ళలో కూడా ఆ సినిమా పరాయిదిగా అనిపించలేదు. మా అమ్మ సిలువ మోసే ఘట్టంలో బాలు పాట వస్తుంటే కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ఇంటికొచ్చి మామూలుగా దీపం పెట్టింది. ఇదే విజయచందర్ తర్వాత 1986లో షిర్డీ సాయిబాబాగా వేస్తే అదే భక్తితో చూసింది.

కానీ దర్శనానికి వెళ్ళినవాడు ప్రశ్న అడగడు. అదే చిక్కు.

ఈ సినిమా రెండో జీవితం దగ్గర ఈ చిక్కు ఇంకా పెద్దదైంది. జాన్ గిల్మన్ అనే అమెరికన్ స్థాపించిన డేస్ప్రింగ్ ఇంటర్నేషనల్ ఈ సినిమాను తీసుకుని, హిందీలో "దయాసాగర్" పేరుతోనూ ఇంకా అనేక భారతీయ భాషల్లోనూ డబ్ చేయించి, ప్రొజెక్టర్లిచ్చి బృందాలను పల్లెలకు పంపింది. కోట్లమంది చూశారని ఆ సంస్థ చెబుతుంది. అక్కడ సినిమా చివర వచ్చేది ప్రార్థన, పిలుపు. ఉద్దేశం మతప్రచారమే, వాళ్ళూ దాచుకోలేదు. మత ప్రచారం చెయ్యడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు, అందులో నాకు తగువు లేదు. కానీ మన హాల్లో జరిగింది అది కాదు. అదే సినిమా, అదే 16 ఎం.ఎం. ఒకచోట జనం నుంచి "అవును" అనే మాట కోసం లైటు వేశారు. ఇంకొకచోట "ఎందుకు" అనే మాట కోసం వేశారు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ళు ఇప్పుడు రెండు పక్కలా ఉన్నారు.

తర్వాత ఉస్మానియా. 1988 నుంచి 92 దాకా ఇంజనీరింగు కాలేజీలో ఉన్నాను. దేశంలో కాథలిక్ విద్యార్థుల సంఘం ఐకఫ్ 1924 నుంచీ ఉంది, కాలేజీల్లో చిన్న చిన్న బృందాలుగా పనిచేసేది. నేను వెళ్ళింది అలాంటి ఒక చిన్న బృందం దగ్గరికి. నిజం చెప్పాలంటే సినిమా కోసమూ, తర్వాత ఇచ్చే సమోసా, చాయ్ కోసమూ. పదిహేను ఇరవై మంది, ఒక టీవీ, అద్దె వీసీఆర్. సగం మంది కాథలిక్కులు కారు. ఒక ఫాదర్ గారు నడిపేవారు. ఆయనది ఒకటే నియమం: ముందు ఏం చూశారో చెప్పాలి. ఏమనుకున్నారో తర్వాత. "బాగుంది" అంటే ఒప్పుకునేవారు కాదు. "ఏ చెయ్యి ఎక్కడ ఉంది? ఎవరు ఎవరి వంక చూస్తున్నారు?" అని అడిగేవారు. సర్క్యూట్ డయాగ్రమ్ చదివినట్టు ఉండేది. నాకు నచ్చింది.

అక్కడ చూశాను పసోలినీ తీసిన "మత్తయి సువార్త". 1964 నాటిది. పసోలినీ నాస్తికుడు, మార్క్సిస్టు. 1962 అక్టోబరులో ఇరవైమూడో జాన్ పోపు అసిసీకి వచ్చిన రోజున ఊళ్ళో రద్దీకి బయటికి కదలలేక, దిగిన గదిలో ఉన్న సువార్త పుస్తకం తీసి ఒక్క బిగిన చదివాడు. చదివినదాన్నే సినిమా తీసి, అప్పటికి కన్నుమూసిన ఆ పోపుకే అంకితమిచ్చాడు. క్రీస్తుగా వేసింది పంతొమ్మిదేళ్ళ స్పెయిన్ విద్యార్థి. వయసు మళ్ళిన మరియమ్మగా వేసింది పసోలినీ సొంత తల్లి. జనమంతా దక్షిణ ఇటలీ రైతులు, కూలీలు. వెనిస్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతితోపాటు కాథలిక్ సినిమా సంస్థ బహుమతి కూడా దీనికే వచ్చింది. 1995లో సినిమాకు నూరేళ్ళయిన సందర్భంగా వాటికన్ వేసిన 45 మంచి సినిమాల పట్టికలోనూ ఇది ఉంది. అందులోనే అటెన్‌బరో "గాంధీ" కూడా ఉంది.

ఆ రోజు నేను కొంచెం అతి చేశాను. "దేవుడు లేడన్నవాడు తీసిన సినిమా మీకెందుకు? రేపు మావాళ్ళ గుడి మీద ఎవరైనా ఇలా తీస్తే మేం ఊరుకుంటామా?" అన్నాను. నాకు ఇరవై ఏళ్ళు, అప్పుడే మార్క్సూ, చలమూ చదువుతున్నాను. ఎదుటివాళ్ళు నొచ్చుకోవడమే గెలుపు అనుకునే వయసు. ఒక అమ్మాయి, ఆ ఏడే వాళ్ళ తమ్ముడు పోయాడు, లేచి వెళ్ళిపోయింది. సిలువ మీద తండ్రిని "నన్నెందుకు వదిలేశావు" అని పిలిచే చోటు గురించి ఆమె ఏదో మాట్లాడబోతోందట. నా గొడవలో ఆ మాట పోయింది. ఆమె మళ్ళీ రాలేదు. చర్చ అంటే ఎవరికి నోరుంటే వాళ్ళది అయిపోయే ప్రమాదం అందులోనే ఉందని ఆ రోజు అర్థం కాలేదు, తర్వాత చాలా ఏళ్ళకు, ఆఫీసు మీటింగుల్లో నేనే చైర్మన్ కుర్చీలో కూర్చున్నప్పుడు అర్థమైంది.

తర్వాతి వారం అదే సినిమా మళ్ళీ వేశారు. ఆమె వస్తుందేమోనని ఫాదర్ గారి ఆశ. నేను మన కార్పెంటరు కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళాను. వాడు పది తర్వాత చదువు ఆపేసి వాళ్ళ నాన్నతో సెట్ల పనిలో ఉన్నాడు. యూనివర్సిటీ లోపలికి రావడం అదే మొదటిసారి, చెప్పులు బయట విప్పాలా అని అడిగాడు. సినిమా అయ్యాక ఫాదర్ గారు మామూలుగా "ఏం చూశారు?" అన్నారు. ఎం.ఏ. చదివేవాళ్ళు నియో రియలిజం అదీ ఇదీ అంటున్నారు. వీడు చెయ్యెత్తాడు.

"గా దూలం అసలుది ఫాదర్. మోసేటోని భుజం చూడున్రి. మా నాయన చేసేటివన్ని ప్లైవుడ్ సిలువలు, లోపల గుల్ల. రెండేళ్లతోని లేపొచ్చు."

"అసలుది అయితే ఏమవుతుంది బాబూ?"

"నటించనక్కర్లేదు."

ఎవరూ ఏమీ అనలేదు. నా జీవితంలో విన్న సినిమా విమర్శల్లో ఇంతకన్నా చిన్నదీ పెద్దదీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాడు, "ఆ జనం సంగతి మీ నాయన చెప్పింది రైటే గానీ, ఇంకోటి ఉన్నదిరా. జై కొట్టిన్నాడు మనోడు అందర్ల ఒకడు. అరిసిన్నాడు గూడ అందర్ల ఒకడే. ఒక్కడే నిలబడ్డది మాత్రం ఎవరూ లేరు" అన్నాడు. ఏడేళ్ళుగా ఆ ప్రశ్న వాడి లోపల అలాగే ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

వీసీఆర్ పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది. సినిమా ఇప్పుడు ఎక్కడా ఆగదు. "కరుణామయుడు" గుడ్ ఫ్రైడేకి టీవీలో వస్తుంది, మధ్యలో ఆగేది సబ్బు ప్రకటన కోసం. ఇంజనీరుగా నేను మిషను మెరుగుపడటాన్ని తప్పు పట్టను. కానీ ప్రొజెక్టర్‌లో లోపం అనుకున్నదే మాకు కూర్చుని మాట్లాడుకునే చోటు ఇచ్చింది. లోపం తీసేసినవాళ్ళు దానితోపాటు ఏం పోతోందో చూసుకోలేదు.

మొన్న ఫిబ్రవరిలో స్టోర్‌రూమ్ తాళం తీయించి ప్రొజెక్టర్ బయటికి తెచ్చాను. మోటారు బాగానే ఉంది. బెల్టు మైదాముద్దలా అయిపోయింది, కుట్టుమిషను బెల్టు కత్తిరించి వేశాను. లెన్సు మీద బూజు తుడిచాను. ప్రొజెక్షన్ ల్యాంపు కోఠీలో దొరికింది. ఫిల్ము అంచున ఉన్న శబ్దపు గీతను చదవడానికి ఎక్సైటర్ ల్యాంపు అని ఒక బుడ్డి లైటు ఉంటుంది, అది దొరకలేదు. పక్కన ఒక డబ్బాలో వరి నాట్ల మీద ఫిల్మ్స్ డివిజన్ రీలు ఉంది, మూత తీస్తే సిర్కా వాసన. పాత అసిటేట్ ఫిల్ము కుళ్ళేటప్పుడు వచ్చే వాసన అది. అయినా ఎక్కించి తిప్పాను. నాట్లు వేసే ఆడవాళ్ళు నిశ్శబ్దంగా వంగి లేచారు. టార్చి పట్టింది ఎవరో చెప్పనక్కర్లేదు. జెడ్డా నుంచి తిరిగొచ్చేసి ఇప్పుడు టోలీచౌకీలో ఉంటున్నాడు. ఈసారి తెర వైపే చూశాడు.

స్వర్ణోత్సవం మొదటి రోజు సాయంత్రం "కరుణామయుడు" వేద్దామని కమిటీలో పెట్టాను. ఒక మీటింగు సరిపోలేదు, రెండు పెట్టారు. "ఎందుకురా లేనిపోని గొడవ, ఎవరైనా వీడియో తీసి పెడితే?" అన్నారు ఒకరు. ఆయన మాట కొట్టిపారెయ్యలేం. ఇంకొకరు, "పోనీ మాయాబజార్ వెయ్యి, ఎవరికీ అభ్యంతరం ఉండదు" అన్నారు. మాయాబజార్‌కి నాకూ అభ్యంతరం లేదు. కానీ ఆ రోజు మన హాల్లో ఒకడు ప్రశ్న అడిగాడు, ఒకడు తన ఇంటి మాట చెప్పాడు, ఒక లైట్‌మ్యాన్ జవాబు చెప్పాడు. ఎవరి మతమూ మారలేదు. మా అమ్మ చనిపోయేదాకా దీపం పెట్టింది. మన వాడు ఇప్పటికీ అయిదు పూటలా నమాజు చేస్తాడు. ఇది అబద్ధమైతే మాట్లాడదాం, నిజమైతే భయం దేనికి అన్నాను. చివరికి ఒప్పుకున్నారు, కుర్చీలు గుండ్రంగా వెయ్యాలని, ఎవరు మాట్లాడినా మిగతావాళ్ళు మధ్యలో అందుకోకూడదని షరతు పెట్టారు. ఆ రెండో షరతు నేనే రాయించాను.

ప్రింటు ఎలాగూ దొరకదు కాబట్టి డీవీడీ నుంచే వేస్తాం. 44 నిమిషాలకొకసారి ఆపుతాం. లైట్లు వేస్తాం. ప్రొజెక్టర్ పక్కన బల్ల మీద ఉంటుంది, చూసుకోవచ్చు. మన కార్పెంటరు మిత్రుడు తెర కట్టడానికి కర్రలు తెస్తానన్నాడు, ప్లైవుడ్ కాదని ముందే చెప్పాడు. సాయంత్రం ఆరింటికి మొదలు. రెండో బ్రేకులో చాయ్ ఉంటుంది. కుర్చీలు వెయ్యడానికి అయిదింటికే రాగలిగినవాళ్ళు కార్యదర్శి గారికి పేర్లు ఇవ్వండి.